ఓడ రొద లెక్కతో ఓబులేసు ఊరికి

నా ఉద్యోగం పేరు కంప్యూటరు. నవ్వకండి, నియామకపు కాగితంలో అలాగే రాసి ఇచ్చారు. లెక్కలు కట్టే మనిషి అని దానికి అర్థం. విశాఖపట్నంలో ఓడల నమూనాలు గీసే ఒక ఆఫీసులో చేత్తో తిప్పే లెక్కల మిషను ఒకటి, లాగరిథం పట్టికలు రెండు, మనుషులం ఇద్దరం. ఆ రెండోవాడు ఓబులేసు, కడప జిల్లా నేతవాళ్ళ అబ్బాయి. విదేశాల్లో ఈ పనికి గది నిండా పట్టేటంత కరెంటు యంత్రాలు ఉంటాయని మా పెద్ద ఇంజనీరు చెప్పేవాడు. ఇక్కడ మేమే యంత్రాలం. కాకపోతే మాకు మధ్యాహ్నం ఆకలేసేది.

మేం కట్టే లెక్క ఏమిటో కాస్త చెప్పాలి. లేకపోతే మండుటెండల్లో నేను ఆ సీమకు ఎందుకు పోయానో మీకు బోధపడదు. ఓడ వెనక నీళ్ళలో తిరిగే పంకా ఉంటుంది. అది నెమ్మదిగా తిరిగినంతసేపూ నోరెత్తదు. ఒక వేగం దాటిందంటే రెక్కల వెనక నీటి ఒత్తిడి పడిపోయి, చన్నీళ్ళే మరిగినట్టు బుడగలు లేస్తాయి. లేచినవి లేచినట్టే పగులుతాయి. మూకుడులో వేరుశనగలు వేయించినట్టు ఒకటే చిటపట. ఓడ పైన నిలబడ్డవాడికి అది పెద్దగా వినపడదు గానీ నీళ్ళ కింద చాలా దూరం పోతుంది. అప్పట్లో సముద్రం లోతు కొలిచే లాంచీ ఒకటి కడుతున్నారు. అది నీళ్ళలోకి టిక్కుమని ఒక చప్పుడు వదిలి, అడుగు తగిలి తిరిగొచ్చే చప్పుడు కోసం వింటుంది. దాని పంకాయే రొద పెడితే ఇక వినేదేముంది? అందుకని నిమిషానికి ఎన్ని చుట్లు దాటితే రొద మొదలవుతుందో, లాంచీ నీళ్ళలో దిగకముందే మేం చెప్పాలి.

అంటే ఓడను ముందు కాగితం మీద నడపాలి. పంకా రెక్కను చుక్కలు చుక్కలుగా విడదీసి, ఒక్కో చుక్క దగ్గర ఒత్తిడి ఎంతో కట్టి, ఎన్ని చుక్కల్లో నీరు మరుగుతుందో ఎంచాలి. అవి ఎక్కువయ్యే కొద్దీ రొద అంత తక్కువ వేగానికే మొదలవుతుంది. వేల చుక్కలు. ఈ పద్ధతి మొత్తం ఓబులేసు ఆలోచనే. నాది చేతి సాయం.

పని సగంలో ఉండగా అతనికి క్షయ పట్టింది. సెలవు పెట్టి ఊరికి వెళ్తూ లెక్క కాగితాలు పెట్టెలో పెట్టుకున్నాడు. మంచంలో ఉండే మిగతా సగం పూర్తి చేసి, తేలిన అంకెలు పోస్టులో పంపాడు. చివరి కూడిక నేను వేశాను. రొద ఆరువందల ఇరవై చుట్ల దగ్గర మొదలవుతుందని తేలింది. లాంచీ నీళ్ళలో దిగిన రోజున మైకు ఒకటి నీళ్ళలోకి దించి విన్నాం. ఐదువందల పది దగ్గరే చిటపట వచ్చేసింది. పెద్ద ఇంజనీరు మంచివాడే, కేకలేయలేదు. "ఇంక కాగితం మీద ఓడలు నడపొద్దులెండి" అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే నేను ఓబులేసుకు కార్డు రాశాను. "లెక్క తప్పింది. రొద 510 దగ్గరే వచ్చింది. ఆరోగ్యం జాగ్రత్త." అంతే. మంచాన పడ్డ మనిషికి రాసే తీరు అదా అని ఆ తర్వాత నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. నెల దాకా జవాబు రాలేదు. తర్వాత కర్నూలు ఆసుపత్రి నుంచి రెండు ముక్కల ఉత్తరం వచ్చింది. "తప్పు యాడుందో చూస్తాండా" అని. అక్షరాలు వంకర పోయాయి. మే నెలలో పదిరోజులు సెలవు పెట్టి రైలెక్కాను.

నల్లమల దాటాక

గుంటూరు దాటి చిన్న రైల్లో పోతున్నంతసేపూ చెట్లు ఒక్కొక్కటే మానేస్తూ వచ్చాయి. నల్లమలలో మాత్రం కాసేపు పచ్చదనం, సొరంగం, చీకటి. అవతల పడ్డాక ఎర్రమట్టి, నల్లరేగడి, పగుళ్ళు. ఎదురుగా కూర్చున్న రైతు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ నన్ను ఆరా తీశాడు.

"యాడికప్పా పోతాండావు?"

"కర్నూలు. ఆసుపత్రిలో స్నేహితుడు ఉన్నాడు."

"ఏం పని చేస్తావు?"

ఓడల గురించి చెప్పాను. అతను ఓపిగ్గా విని, కిటికీలోంచి బయటికి చూసి, "ఓడలా? మాకు తాగే నీళ్ళకే దిక్కులేదు గదప్పా" అన్నాడు. ఎగతాళి కాదు, ఉన్నమాట. తర్వాత వేయించిన చెనక్కాయలు, అంటే వేరుశనగలే, దోసెడు నా ఒళ్ళో పోశాడు. మా వైపు ముక్కూమొహం తెలియనివాడికి ఇలా పెట్టే అలవాటు తక్కువే. సిగ్గుపడుతూనే అన్నీ తినేశాను.

కర్నూలు

అప్పటికి ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు ఇంకా రాజధానే. ఊరి నిండా గుడారాలు, గుడారాల నిండా గుమాస్తాలు. మా గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక గుమాస్తా చెట్టుకింద చాప మీద ఫైళ్ళు పరుచుకుని, గాలి వచ్చినప్పుడల్లా వాటి మీద పడుకుంటున్నాడు. గది దొరకడం గగనం. ఒక సత్రం అరుగు మీద ముప్పావు చాప స్థలం ఇచ్చారు. పొద్దున్నే హోటల్లో ఉగ్గాని అనే టిఫిను పెట్టారు. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్ళలో తడిపి తాలింపు వేసింది. పక్కన మిరపకాయ బజ్జీ. ఉగ్గాని మెత్తగా లోపలికి పోయింది. బజ్జీ మాత్రం నా చేత రెండు చెంబుల నీళ్ళు తాగించింది. హోటలాయన "నీళ్ళు జాగ్రత్త సామీ, ఎండాకాలం" అని మెల్లగా చెంబు లాగేసుకున్నాడు.

ఆసుపత్రిలో ఓబులేసు మంచం మీద ఇంకెవరో ఉన్నారు. అతను ఏడని అడిగాను. ఊడుస్తున్న ఆయా చీపురు ఆపి చెప్పింది.

"ఆ కాగితాల అబ్బాయా? పది దినాలాయ సామీ పోయి. ఇంటికి. బతికే ఉండాడు, భయపడాకు."

"నయమైందని పంపారా?"

ఆమె నా మొహం వంక చూడలేదు. "ఇంటి తిండి తింటే మనసుకు మేలని పంపినారు" అంది. ఆ మాట ఆసుపత్రుల్లో ఎప్పుడు అంటారో నాకు తెలుసు. మా నాన్నకూ అలాగే అన్నారు.

ఆ మధ్యాహ్నం తుంగభద్ర ఒడ్డుకు పోయి కూర్చున్నాను. నది అంటే ఇసుక, ఇసుక మధ్యలో ఆరేసిన పంచెంత నీరు. కార్డు మీద నేను రాసిన మూడు ముక్కలే కళ్ళ ముందు తిరిగాయి. అతను బతికుండగానే ఏదో ఒక మంచి మాట చెప్పాలని గట్టిగా అనుకున్నాను గానీ, ఏం చెప్పాలో తెలియలేదు.

ఓర్వకల్లు గుట్టల దగ్గర

నంద్యాల బస్సు ఓర్వకల్లు దాకా బాగానే పోయింది. అక్కడ గుట్టల మీద రాళ్ళు ఎవరో పేర్చి మరిచిపోయినట్టు నిలబడి ఉంటాయి. వాటి నడుమ బస్సు బుస్సుమని ఆగిపోయింది. రేడియేటరు మరిగిపోయింది. డ్రైవరు దిగి, "అందరూ తలా ఇన్ని నీళ్ళు పోయండప్పా" అని కేకేశాడు.

నేను చేసిన పాడుపని చెప్పుకోక తప్పదు. నా మరచెంబు పంచె కింద దాచుకున్నాను. సత్రంలో బతిమాలి నింపించుకున్న నీళ్ళు మరి. అందరూ దిగి వరసగా పోశారు. పక్కసీట్లో గడ్డం తాత ఒకాయన, పత్తి బేరగాడు, తన తోలుతిత్తిలో నీళ్ళు సగం పోసి వచ్చి నా పక్కన కూర్చుని, "సాబ్, మీ పంచె కింద తడుస్తాంది" అన్నాడు. మూత సరిగా పెట్టలేదు. బస్సు మొత్తం నవ్వింది. నేనూ దిగి, మిగిలిన కాసిని నీళ్ళు పోశాను. తర్వాత దారంతా ఆ తాత తన తిత్తిలో మిగిలిన నీళ్ళు నాకే తాగించాడు. "సిగ్గు పడాకు, తాగు. కొత్తోళ్ళు ఎవరైనా దాస్తారు" అన్నాడు.

నంద్యాల

నంద్యాల బజారు నిండా బనగానపల్లె మామిళ్ళు. బంగారు రంగు, పల్చటి తోలు, పీచు అన్నమాటే లేదు. రూపాయికి డజను చెప్పి, నేను మొహం చిట్లించేసరికి పదమూడు ఇచ్చింది అమ్మే ఆవిడ. మా పక్క పండ్లు రసం పీల్చుకునేవి. ఇవి కోసుకుని తినేవి. రోగికి కోసి పెట్టడానికి ఇవే వీలు అనుకుని సంచిలో గడ్డి వేసి సర్దుకున్నాను. ఆమె అడిగింది, ఎవరికని. చెప్పాను. "అయితే ఇది కూడా తీసుకపో" అని ఇంకో పండు వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

మైదుకూరు దాటి

ఆ ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఈ పత్రిక ఎవరైనా పట్టుకుపోయి ఆ ఇంట్లో చదివి వినిపిస్తారేమోనని నా భయం.

వీధి మొత్తం మగ్గాల చప్పుడు. ఓబులేసు ఇల్లు మూడోది. గుంటమగ్గంలో నడుం దాకా దిగి కూర్చున్న ముసలాయన నన్ను చూసి కాళ్ళాడించడం ఆపాడు. ఓబులేసు తండ్రి సుబ్బయ్య.

"ఎవురప్పా నువ్వు?"

"సూర్యం అంటారండి. విశాఖపట్నం నుంచి వచ్చాను. ఓబులేసుతో పనిచేస్తాను."

"ఓ. కార్డు రాసిన సారువా నువ్వు?"

కొట్టినా బాగుండేది. ఆయన మాత్రం మామూలుగానే అని, లోపలికి కేకేశాడు. "అమ్మా నాగమ్మా, పెద్ద ఆఫీసు సారు వచ్చినాడు, చెంబు తెచ్చియ్యి."

నాగమ్మ ఓబులేసు భార్య. పాతికేళ్ళు ఉంటాయేమో. చెంబు నా చేతిలో పెట్టి, ఆ పెట్టడంలోనే నిష్టూరం మొదలుపెట్టింది.

"వచ్చినావా అన్నా. నీ కార్డు వచ్చినకాడ్నుంచి ఆయప్ప ఆ కాగితాలు కిందపెట్టల్యా. ఆసుపత్రికి కూడా మోసుకపోయినాడు. అన్నం పెడితే అన్నం పక్కన పరుస్తాడు. కండ్లు మూసుకున్యా పెదాలు లెక్కలు కడతాంటాయి."

ఓబులేసు మంచం మీద ఉన్నాడో లేడో అన్నంత పల్చగా ఉన్నాడు. దుప్పటి మీద మా ఆఫీసు గళ్ళ కాగితాలు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. దగ్గరికి పోతే రోగం అంటుకుంటుందని మా అమ్మ చెప్పి పంపిన మాట కాళ్ళను పట్టుకుంది. అది అతనికి తెలిసిపోయింది.

"ఆడ్నే కూచో అన్నా, ఆడ గాలి వస్తాది" అన్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. పోయి మంచం పట్టె మీదే కూర్చున్నాను.

"తప్పు యాడుందో దొరికిందా సూర్యమన్నా?"

"లేదు ఓబులేసూ. అదేం పెద్ద విషయం కాదులే."

"నాకూ దొరకల్యా. నాలుగుమార్లు చూసినా. ఒత్తిడి కాడ తప్పులేదు. పట్టిక కాడ లేదు. ఇంక మిగిలింది ఏముండాది? పద్ధతే తప్పన్నమాట." దగ్గు వచ్చి ఆగాడు. "ఎనిమిదేండ్లు అన్నా. తప్పుడు పద్ధతి నెత్తిన పెట్టుకోని ఊరేగినా. నేను పోయినంక దాన్ని చూసి ఎవరైనా నవ్వుతారేమో, ఆ కాగితాలు కాల్చెయ్యి."

ఆ మాట వినడానికా ఇంత దూరం వచ్చింది అనిపించింది. దుప్పటి మీది కాగితాలు ఏరి వరసగా పేర్చాను.

నాగమ్మ భోజనం పెట్టింది. జొన్నరొట్టె, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి, పెరుగు. రొట్టె నా అరచేతులు రెండూ కలిపినంత వెడల్పు. మా అమ్మ గారెలంత చిన్నగా చేసినా అంచులు విరిగేవి, ఈమె చేతిలో చందమామలా వచ్చింది. ఊరిబిండి నోట్లో పెట్టగానే కళ్ళు కారిపోయాయి. "మీ పక్కోళ్ళు ఉప్పుకూ కారానికీ పనికిరారన్నా" అని ఆమె మొదటిసారి నవ్వింది. నేను కారాన్ని అడ్డం పెట్టుకుని కాస్త ఎక్కువే ఏడ్చాను.

చిలక్కొయ్యకు కట్టలు

ఓబులేసు నిద్రలోకి జారాక నాగమ్మ నన్ను గోడ దగ్గరికి పిలిచింది. మంచం తలాపున చిలక్కొయ్యకు తెల్లటి నూలు కట్టలు వేలాడుతున్నాయి.

"ఇవి చూడన్నా. మీ ఓడ లెక్కలో నా చెయ్యి కూడా ఉండాది."

అర్థం కాలేదు. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయప్ప కూచోలేడు, శానాసేపు కలం పట్టలేడు. పండుకోని కాగితం మొగానికి అడ్డంపెట్టి చూసుకుంటా, చుక్క కాడ నీళ్ళు మరిగితే ఊఁ అంటాడు. నేను ఒక పోగు తీసి పెడతా. మరగకుంటే గమ్మునుంటాడు. నేనూ గమ్మునుంటా. ఇరవై దినాలు ఇదే పని. నాకు చదువు రాదు గానీ పోగులు ఎంచేదాంట్లో నన్ను మించినోళ్ళు ఈ వీధిలో లేరు. పదకొండు కట్టలు, పైన ఏడు పోగులు. ఒక్క పోగు అటిటు ఉంటే నన్నడుగు. ఈ వీధిలో అందరికీ చెప్పినా, సముద్రంలో పోయే ఓడకు నేను పోగులు ఎంచినానని."

పదకొండు కట్టలు, విడి ఏడు. ఓబులేసు పంపిన ఆఖరు కాగితం మీద అచ్చంగా అవే మాటలు ఉన్నాయి. చివరి కూడికలో దాన్ని పదకొండువందల ఏడుగా వేసింది నేను. మా ఆఫీసులో చుక్కలు ఎంచి నూరేసి చీటీలు ఒక కట్టగా గుచ్చుతాం. కట్ట అంటే నూరు. అది నేను ఆలోచించి వేసిన సంఖ్య కూడా కాదు, చెయ్యి వేసేసింది.

"కట్టకు ఎన్ని పోగులమ్మా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "పుంజమే గదన్నా. నూటిరవై. ఇంకెన్నుంటాయి?"

నేతవాళ్ళు పడుగు పోగులు పుంజాల్లో ఎంచుతారట. పుంజం అంటే నూటఇరవై. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె వేళ్ళు నూటఇరవై రాగానే ముడి వేస్తున్నాయి. నూరు దగ్గర ముడి వెయ్యమంటే ఆ వేళ్ళకు తోచదు. బాగుందని మెచ్చుకుంటున్నట్టు ఒక కట్ట చేతిలోకి తీసుకుని మెల్లగా ఎంచాను. నూటఇరవై. ఒక్క పోగు అటూ ఇటూ లేదు.

"ఏమన్నా, నమ్మకం లేదా?"

"ఉందమ్మా. ఇంత శుభ్రంగా మా ఆఫీసులో ఎవరూ ఎంచలేరు" అన్నాను. నిజమే చెప్పాను.

ఎండిన కాలువ గట్టు

కర్నూలు నుంచి కడప దాకా పోయే కాలువ ఆ ఊరి వెనకగా వెళ్తుంది. ఎండాకాలం కదా, నీళ్ళు వదలలేదు. అడుగున బురద పలకలు పలకలుగా పగిలి ఉంది. చిన్నప్పుడు కాలువకు నీళ్ళొచ్చిన రోజు తల ముంచి, అడుగున గులకరాళ్ళు దొర్లే సద్దు వినేవాడినని ఓబులేసు ఆఫీసులో చెప్పేవాడు. కోతలు కోస్తున్నాడని నవ్వేవాణ్ణి. ఆ గట్టు మీద తుమ్మచెట్టు నీడలో పట్టికల పుస్తకం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

పదకొండు పుంజాలు, పదమూడువందల ఇరవై. ఏడు పోగులు. ఆ సంఖ్యను అతని పద్ధతిలో పెట్టి, అతను వేసిన మెట్లే ఎక్కుకుంటూ పోయాను. ఐదువందల పద్నాలుగు చుట్లు అని వచ్చింది. సముద్రంలో మేం విన్నది ఐదువందల పది. మళ్ళీ కట్టాను. మళ్ళీ అదే. మంచం మీద పడుకున్న మనిషి, నీళ్ళు లేని ఊళ్ళో, కాగితం మీద నడిపిన ఓడ నిజం ఓడ అరిచిన చోటే అరిచింది. నేను పెన్సిలు పడేసి గట్టిగా ఏడ్చాను.

మేకలు తోలుకుపోతున్న ముసలమ్మ ఆగింది. "ఏమప్పా, ఎవరన్నా పోయినారా?"

"లేదమ్మా. లెక్క సరిపోయింది."

"సరిపోతే ఏడుస్తారా?" అని గొణుక్కుంటూ మేకల వెంట పోయింది.

లెక్క సరిపోయిందని ఓబులేసుకు చెప్పాలి, అందులో సందేహం లేదు. ఎలా చెప్పాలన్నదే తలనొప్పి. నాగమ్మ అతని పక్క నుంచి కదలదు. తప్పు ఎక్కడ అని మొదట అడిగేది ఆమే. కట్టల దగ్గర అంటే, ఎవరు ఏం నచ్చజెప్పినా, తన వేళ్ళే మొగుణ్ణి ఈ నెలన్నర చంపుకు తిన్నాయని ఆమె అనుకుంటుంది. అతను పోయాక కూడా రోజూ పడుగు పోగులు ఎంచుకునే బతకాలి ఆమె. పుంజం పుంజానికీ అదే గుర్తొస్తుంది. పొద్దు వాలకముందే ఒక నిర్ణయానికి వచ్చి లేచాను.

నా తప్పు

ఓబులేసు మేలుకుని ఉన్నాడు. నాగమ్మ అతని పాదాలకు నూనె రాస్తోంది. సుబ్బయ్య మగ్గంలోంచి లేచి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"తప్పు దొరికింది ఓబులేసూ" అన్నాను. "చివరి కూడికలో నేను వేసిన సంఖ్య తప్పు. పదకొండువందల ఏడు వేశాను. పదమూడువందల ఇరవై ఏడు వెయ్యాల్సింది. అది వేస్తే ఐదువందల పద్నాలుగు వస్తోంది. నీ పద్ధతి సరిగ్గా ఉంది. నేనే పాడుచేశాను."

లెక్కల మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. పదమూడువందల ఇరవై అనగానే అతని కళ్ళు పైకి, చిలక్కొయ్య మీదకు పోయాయి. పదకొండు కట్టల మీద ఆగాయి. అక్కణ్ణుంచి నూనె రాస్తున్న నాగమ్మ చేతుల మీదకు వచ్చాయి. చాలాసేపు ఆ చేతులనే చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. అతని కళ్ళు నిండిపోయాయి.

"అవునన్నా" అన్నాడు. "నువ్వు ముందుకాడ్నుంచి అంతే. కూడికలో తొందరపడ్తావు."

"అవును."

"ఐదువందల పద్నాలుగా? నిజంగానా?"

"రెండుసార్లు కట్టాను."

అతను నవ్వాడు. దగ్గు వచ్చినా నవ్వు ఆపలేదు. "విన్నావా నాయనా, నా లెక్క సరిపోయింది. నాలుగు చుట్ల తేడా. నాలుగంటే నాలుగే."

నాగమ్మ నూనె గిన్నె కింద పెట్టి లేచి నిలబడింది. ఆమె మొహం చూసి నేను కూడా లేచాను.

"అంటే నువ్వు తప్పు చేసి, ఆయప్పకు తప్పని కార్డు రాసినావా?"

"అవునమ్మా."

"నెలన్నర. నెలన్నర తిండి మానేసినాడు. ఆసుపత్రిలో సూది వేసుకోమంటే ముందు తప్పు దొరకనీ అన్యాడు. రాసేముందు ఒక్కతూరి నీ కూడిక నువ్వు చూసుకోగూడదా? చదువుకున్యోనివే గదా? నేను, చదువు లేనిదాన్ని, ఒక్క పోగు తప్పకుండా ఎంచితి!"

"నాగీ, ఊరుకో. అన్న అంత దూరం వచ్చి ఒప్పుకున్యాడు" అన్నాడు ఓబులేసు.

"ఒప్పుకుంటే పోయిన కండ తిరిగొస్తాదా?" అని ఆమె పెరట్లోకి పోయి గట్టిగా ఏడ్చింది. సుబ్బయ్య తల వంచుకుని కోడలి వెంట వెళ్ళాడు.

మేమిద్దరమే మిగిలాం. ఓబులేసు నా మణికట్టు పట్టుకున్నాడు. ఈసారి రోగం సంగతి నాకు గుర్తురాలేదు.

"పుంజం మరిచిపోయినానన్నా" అన్నాడు గుసగుసగా. "మగ్గం గుంటలో పుట్టినోన్ని. కట్ట అంటే నూరనుకున్యా, మీ మాదిరి. ఎన్నిమార్లు చూసినా కనపడల్యా." నాగమ్మ పోయిన పెరటి వైపు చూసి, "దానికి చెప్పొద్దు" అన్నాడు.

"చెప్పను."

"నిన్ను తిడతానే ఉంటాది."

"తిట్టనీ."

మర్నాడు పొద్దున బయలుదేరుతుంటే నాగమ్మ బయటికి రాలేదు. నేను తెచ్చిన మామిళ్ళలో ఓబులేసు తిన్న రెండూ పోను మిగతావి నా సంచిలో పెట్టి గడప మీద ఉంచింది. సుబ్బయ్య బస్సు దాకా వచ్చాడు. "ఆ పిల్ల మాటలు మనసులో పెట్టుకోవద్దప్పా. రేత్రి నా కొడుకు గిన్నెడు సంగటి తిన్యాడు. శానా దినాలకు" అన్నాడు. కడపలో రైలు కోసం మూడు గంటలు కూర్చున్నాను. ఆ ఊళ్ళో ఏం చూశావని ఎవరన్నా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. స్టేషను గోడ చూశాను.

తిరిగొచ్చాక

ఆఫీసులో కూడా తప్పు నాదేనని రాసిచ్చాను. ఒక మెమో చేతికొచ్చింది. పెద్ద ఇంజనీరు కొత్త లెక్క రెండుసార్లు చూసి, కాగితం మీద ఓడలు మళ్ళీ నడపమన్నాడు. మరో పంకా పని మొదలైంది. ఆ సంగతి రాసిన కార్డు ఓబులేసుకు అందింది, అతను చదివాడు. అది నాకు తెలుసు. ఎందుకంటే ఆషాఢంలో సుబ్బయ్య పోస్టుమాను చేత రాయించిన ఉత్తరంలో ఆ మాట ఉంది. "మా ఓబులేసు పోయిన శనివారం పోయినాడు. నీ రెండో కార్డు దిండు కింద ఉన్నింది."

సరిచేసిన పటం ఒకటి శుభ్రంగా గీసి, కింద ఓబులేసు పేరు పెద్ద అక్షరాలతో రాసి, చుట్టచుట్టి నాగమ్మకు పంపాను. ఇంట్లో గోడకు పెట్టుకుంటుందని. మూడు వారాలకు ఆ చుట్ట విప్పకుండానే తిరిగొచ్చింది. దానితో పాటు పోస్టుమాను చేతిరాతలో ఒక చీటీ.

"ఆయమ్మ తీసుకోనన్నది. నన్ను ఇట్లా రాయమన్నది. ఆ సారు చేతి లెక్కలు మా ఇంట్లోకి వద్దు. మా ఆయప్ప లెక్క సరిగానే ఉన్నింది. నా పోగులు సరిగానే ఉన్నాయి."

రెండు మాటలూ నిజమే. చీటీ మడిచి దాచుకున్నాను. జవాబు రాయలేదు.